పాత ప్లేట్లు, కవరు మీది రాత
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కావలిలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన అమ్మలకు, చోటు చాలక వెనుక నిలబడి ఉన్న విద్యార్థులకు నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాలలో పుస్తకాన్ని గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి పాత గ్రామఫోను రికార్డుల సేకరణను, వాటి విలువను గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. వారికి నా కృతజ్ఞతలు. పేరు పేరునా స్మరించవలసిన పెద్దలు ఈ సభలో ఇంకా ఎందరో ఉన్నారు. కాలాన్ని దృష్టిలో ఉంచుకొని వారు మన్నించాలి.

రికార్డుల మాట ఎత్తగానే ఎవరైనా నన్ను అడిగే మొదటి ప్రశ్న, "అయ్యా, మా ఇంట్లో ఒక పెట్టెడు ఉన్నాయి, ఎంత వస్తుంది?" అని. అది తప్పు ప్రశ్న కాదు. అవసరం ఉన్నవారు అమ్ముకోవాలి, అమ్ముకొనేటప్పుడు మోసపోకూడదు. అందుచేత ముందు ఆ సంగతే చెప్పి, తరువాత నేను చెప్పదలచుకొన్న అసలు మాటకు వస్తాను.

మీ అటక మీద నల్లగా, గుండ్రంగా ఉన్నవన్నీ ఒకటి కావు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు లక్కతో చేసినది. లక్కలో రాతిపొడి, నల్లరంగు కలిపి వేడి మీద అచ్చు వేసేవారు. చేతికి బరువుగా ఉంటుంది, జారితే ముక్కలవుతుంది. 10 అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూగా, పాట పడుతుంది. రెండవ రకం వినైల్ అనే ప్లాస్టిక్కుతో చేసినది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును తెచ్చింది. మరుసటి సంవత్సరం ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ 45 చుట్ల చిన్న రికార్డును తెచ్చింది. మన సినిమా పాటలు నాలుగేసి చొప్పున వచ్చిన 7 అంగుళాల ఇ.పి.లు ఈ రెండవ కోవకు చెందినవే. వినైల్ కింద పడినా పగలదు గాని వేడికి వంగిపోతుంది. రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచిన వినైల్ రికార్డులు ఏమవుతాయో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో ఈ కథ 1902లో మొదలయింది. గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, గాయని గౌహర్ జాన్ మొదలైన వారి పాటలు రికార్డు చేసుకొని వెళ్ళాడు. అప్పట్లో పాట ఇక్కడ పాడితే, ప్లేటు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి తిరిగి రావలసి ఉండేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే కర్మాగారం వచ్చింది, తరువాత డమ్‌డమ్‌లో పెద్దది వచ్చింది. తెలుగువారికి సినిమా పాట రాకముందు ఈ ప్లేటు మీద దొరికినది ప్రధానంగా పద్యం. రంగస్థలం మీద ఒక్క పద్యానికి పావుగంట రాగం తీసి, వన్స్ మోర్ అనిపించుకొని, మళ్ళీ మొదటి నుంచి అందుకొనే నటులు రికార్డింగు గది గోడల మధ్య మూడు నిమిషాలలో అంతా ముగించవలసి వచ్చింది. ఆ తొందర ఇప్పటికీ ఆ ప్లేట్లలో వినిపిస్తుంది. చివరి పాదానికి వచ్చేసరికి హార్మోనియం నటుణ్ణి తరుముతున్నట్టు ఉంటుంది.

ఇక ధర సంగతి. సంతలో ధరను నిర్ణయించేవి ప్రధానంగా రెండు: ఆ ప్లేటు ఎన్ని చోట్ల మిగిలి ఉంది, అది ఏ స్థితిలో ఉంది. పాతది కాబట్టి ఖరీదైనది అనుకోవడం పొరపాటు. లక్షలకొద్దీ అచ్చయిన పాట వందేళ్ళదైనా ధర పలకదు. ఇంగ్లండులో 1960 నాటికే 78లు దాదాపు ఆగిపోయాయి, మన దేశంలో మాత్రం ఆ దశకంలోనూ అచ్చయ్యాయి. అందుచేత ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ పాటలు 78ల మీద మన డమ్‌డమ్ అచ్చులో వచ్చాయి. ఇంకెక్కడా అంత సులువుగా దొరకని వస్తువు కనుక, ప్రపంచంలోని సేకర్తలు వాటికోసం పోటీ పడతారు. మన వైపు సంగతి వేరు. బాలసుబ్రహ్మణ్యం గారు నెల్లూరు మనిషి కనుక ఆయన తొలినాళ్ళ ఇ.పి.ల మీద మనకు మమకారం ఎక్కువ, ఆ మమకారం ధరలోనూ కనిపిస్తుంది. గంటసాల గారి భగవద్గీత లాంగ్ ప్లే రికార్డు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది కనుక, ఎంత పూజ్యమైనదైనా, పెద్ద ధర రాదు.

స్థితికి వస్తే, వ్యాపారులకు ఒక తరగతుల పద్ధతి ఉంది. కొత్తదానిలా మెరిసేదానికి మొదటి తరగతి. గీతలు పడితే ఒక మెట్టు కిందికి, అంచు విరిగితే ఇంకో మెట్టు కిందికి. ప్లేటుకే కాదు, కవరుకూ తరగతి ఉంది. చిరిగితే తగ్గుతుంది, మరక పడితే తగ్గుతుంది, దాని మీద ఎవరైనా కలంతోనో పెన్సిలుతోనో రాస్తే తగ్గుతుంది. దయచేసి ఈ చివరి మాటను గుర్తు పెట్టుకోండి. కవరు మీద రాత ఉంటే ధర తగ్గుతుంది. ఈ సూత్రం మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఈ సభకు నేను వచ్చింది ఆ ఫిర్యాదు చెప్పుకోవడానికే.

కందుకూరు పక్క ఒక ఊళ్ళో మైకుసెట్టు నడిపిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పిల్లలమంతా ఆయనను మైకు మామ అనేవాళ్ళం. పెళ్ళికి, తిరునాళ్ళకు, శ్రీరామనవమి పందిళ్ళకు, ఎద్దుల బండి మీద బ్యాటరీ, ఆంప్లిఫయరు, గొట్టాలు, ప్లేట్ల ట్రంకుపెట్టె వేసుకొని బయలుదేరేవారు. వేపచెట్టు కొమ్మకు గొట్టం కట్టి మొదటి ప్లేటు వేస్తే పక్క ఊరికి కూడా పెళ్ళి సంగతి తెలిసేది. ఆయనకు ఒక అలవాటు ఉంది. ప్లేటు వేసిన ప్రతిసారీ దాని గోధుమరంగు కాగితపు కవరు మీద, చెవి మీది పెన్సిలు తీసి, ఒక ముక్క రాసుకొనేవారు.

ఆ కవర్లలో నాకు దక్కిన కొన్నింటిని ఈ రోజు తెచ్చాను. ఒకదాని మీద, "కనిగిరి. పెండ్లి. రెండు మార్లు అడిగినారు" అని ఉంది. దాని కిందనే, "పామూరు. వాన. సగంలో ఆపినాను" అని ఉంది. ఒక భక్తి పాట కవరు మీద, "మాలకొండ. శనివారం. పొద్దుగూకులు ఇదే" అని ఉంది. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కనుక, ఆ రోజు జనసందోహం ఎలా ఉంటుందో మీకు తెలుసు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాల ప్లేటు కవరు మీద, "శుభకార్యంలో వేయరాదు. దినాలకు అడుగుతారు" అని, వేలెడు మందాన గీత గీసి మరీ రాసి ఉంది. టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన 'మా తెలుగు తల్లికి' ప్లేటు కవరు మీద ఒకే ఒక్క తేదీ ఉంది: 1-10-53. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆమెకు పెదనాన్న వరుస అయిన ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయిన రోజు అది. దాని పక్కన, "సెంటర్లో నాలుగు మార్లు" అని ఉంది.

సభికులారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఆ పాట ప్లేటు ఇంకో ఇంట్లోనూ దొరకవచ్చు. పాట ఫోనులోనూ వినవచ్చు. కాని 1953 అక్టోబరు 1న మన పల్లెలో ఆ పాటను నాలుగుసార్లు వేయించుకొన్నారన్న సంగతి ఏ చరిత్ర పుస్తకంలో ఉంది? ఏ పద్యాన్ని మన జనం చావుకు కోరుకొన్నారు, ఏ పాటను పెళ్ళిలో రెండోసారి అడిగారు అన్నది ఏ కంపెనీ జాబితాలో ఉంది? కంపెనీ లెక్క ఎన్ని అమ్మామన్నదే. జనం ఎలా విన్నారన్న లెక్క మైకు మామ పెన్సిలులో ఉంది.

ఆయన పోయిన తరువాత ఇంటివారు పెట్టె అమ్మారు. పట్నం నుంచి వచ్చిన వ్యాపారి ప్లేట్లన్నీ తీసుకొన్నాడు. రాసి ఉన్న పాత కవర్లను అక్కడే తీసివేసి, ప్రతి ప్లేటుకూ కొత్త తెల్ల కవరు తొడిగాడు. ఎందుకంటే రాత ఉంటే ధర తగ్గుతుంది. ఆ కవర్ల దొంతర నీళ్ళ పొయ్యి కిందికి వెళ్ళింది. పెట్టె అడుగున అంటుకొని ఉండిపోయినవి మాత్రమే నాకు దక్కాయి. ఆయన కోడలు వాటిని నా చేతికి ఇస్తూ, "చిన్నాయనా, ఇవేం చేసుకొంటావు, చెత్త కాగితాలు" అన్నది. ఆ తల్లి మాటలో తప్పు లేదు. ఆ కాగితాలకు విలువ లేదని సంత చెప్పింది, ఆమె నమ్మింది. తప్పు ఆ సూత్రంలో ఉంది. పరదేశంలో, పరాయి సంతలో, ఒకరి పేరు ఇంకొకరికి పట్టని చోట పుట్టిన తరగతుల పట్టికను తెచ్చి మన మైకుసెట్టు పెట్టె మీద పెట్టి, మన ఊరి రాతను మచ్చగా లెక్కకట్టాము.

నేను కోరేది ఇంతే. ఈ రెండు జిల్లాలలో ఎవరు పాత ప్లేటు కొన్నా, అమ్మినా, దానం చేసినా, కవరు మీద రాత ఉన్న ప్లేటుకు ఎక్కువ విలువ కట్టాలి. కట్టలేకపోతే కనీసం రాతను ప్లేటు నుంచి విడదీయకూడదు.

మైకుసెట్టు ప్లేట్లను గురించి ఇంకో అపోహ ఉంది. అవి అరిగిపోయాయి, పనికిరావు అంటారు. అరిగిన మాట నిజమే. పాత గ్రామఫోనులో ముల్లు బిగించే సౌండుబాక్సు నూరు గ్రాములకు మించిన బరువుతో ప్లేటు మీది పాట గాడి మీద కూర్చొనేది. ఉక్కు ముల్లును ఒక్కో పక్కకు ఒకటి చొప్పున మార్చవలసి ఉండగా, పొదుపు కోసం అరిగిన ముల్లుతోనే పది పాటలు వేసేవారు. అయినా ఆ గాడి పూర్తిగా చావలేదు. ముల్లు తగిలిన ఎత్తులోనే గాడి గోడ అరుగుతుంది, దానికి పైనా కిందా గోడ మిగిలి ఉంటుంది. మామూలుగా 78కి కొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యోవంతులు మూడు ఉన్న ముల్లు వాడతారు. కొంచెం లావుదో సన్నదో ఎంచుకొంటే అది అరగని గోడకు తగిలి, గొంతు మళ్ళీ తేటగా పలుకుతుంది. ఈ పని తెలిసినవారు అరిగిన ప్లేటు నుంచి కూడా మంచి నకలు తీస్తారు. లాంగ్ ప్లే రికార్డుకు వాడే ముల్లు కొన వ్యాసార్ధం వెయ్యోవంతుకు మించదు కనుక, దానితో 78 వేస్తే గాడి అడుగున తిరిగి బరబరమంటుంది. ఆ శబ్దం విని ప్లేటు పోయిందని పారవేయకండి.

అరిగినదన్న నెపంతోనే ఇప్పుడు కొందరు ప్లేటు నడుమ గడియారం బిగించి గోడకు కొడుతున్నారు, వేడిచేసి గిన్నెల్లా వంచుతున్నారు. చూడటానికి బాగుంటుందంటారు. గొంతు ఉన్న వస్తువును అలంకారం చేయడాన్ని నేను ఒప్పుకోలేను. అలంకారమే కావాలనుకొనేవారికి చేతులు జోడించి ఒకటే చెబుతున్నాను: ముందు దాని నకలు తీయించండి.

సంస్థల తీరు కూడా ఇలాగే ఉంది. ఒక సంస్థకు ఒక కుటుంబం ఒక నాటకం మొత్తం ఉన్న ప్లేట్ల సెట్టు ఒకటి భక్తితో సమర్పించింది. అక్కడివారు ప్లేటు నడుమ లేబులు మీదనే తమ నంబరు కాగితాలు జిగురుతో అంటించారు. పాడినవారి పేరు, రికార్డు నంబరు వాటి కిందికి పోయాయి. అదృష్టవశాత్తు పాట ముగిసిన తరువాత లేబులుకు చుట్టూ ఉండే ఖాళీ జాగాలో ఇంకో నంబరు చెక్కి ఉంటుంది. అది అచ్చు నంబరు. ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొంటే కనిపిస్తుంది. లేబులు చెరిగినా, ఊడినా, ఆ నంబరును బట్టి అది ఏ ప్లేటో తెలుసుకోవచ్చు. మీ ఇంట్లో ప్లేట్లు ఉంటే ఈ సాయంత్రమే ఆ నంబర్లు ఒక పుస్తకంలో ఎక్కించండి.

భద్రం చేయడం గురించి రెండు మాటలు. ప్లేట్లను పడుకోబెట్టకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవకండి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. మెత్తని తడిగుడ్డ చాలు, లేబులు తడవకూడదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నీళ్ళు చేరిన ఇళ్ళలో ఎన్నో పెట్టెలు తడిశాయి. బురద కడిగి నీడన ఆరబెడితే ప్లేటు చాలావరకు దక్కుతుంది. కవరు మాత్రం దక్కదు. అందుకే ప్లేటు కంటే ముందు కవరును ఫోటో తీయాలని నేను పట్టుబడుతున్నాను. ప్లేటు ఇంకో ఇంట్లో ఉండవచ్చు, ఆ రాత ఇంకెక్కడా లేదు.

నకలు తీస్తే చట్టం ఒప్పుకొంటుందా అని విద్యార్థులు అడిగారు. మన దేశంలో సౌండు రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 సంవత్సరాలు. ఆ గడువు దాటిన నాటకం ప్లేట్లు మన పెట్టెల్లో చాలా ఉన్నాయి. పద్యం రాసిన కవి హక్కు వేరు, అది ఆయన మరణం తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. నలుగురికీ పంచేముందు ఈ రెండూ చూసుకోవాలి.

ఈ రోజు ప్లేట్లు తెచ్చినవారు కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి. అక్కడి పుస్తకంలో లేబులు మీది పేరు, అచ్చు నంబరు, ప్లేటు మీ ఇంటికి ఎలా వచ్చింది, కవరు మీద ఏమి రాసి ఉంది, ఈ నాలుగూ రాయిస్తారు. అక్షరదోషం ఉన్నా దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయించండి. మైకు మామ కవర్లు కూడా అదే బల్ల మీద అద్దం కింద పెట్టాను. కనిగిరి, పామూరు, కందుకూరు వైపు పెద్దలు వాటిని తప్పక చదవాలి. వాన పడి పాట సగంలో ఆగిన ఆ పామూరు పందిరి మీలో ఒకరి ఇంటి ముందే వేసి ఉండవచ్చు. గుర్తు వస్తే ఏ సంవత్సరమో, ఎవరి పెళ్ళో రాయించి వెళ్ళండి. నమస్కారం.