విశ్వాన్ని వివరించేవాళ్లు: ఎవరి పోలిక ఎక్కడిదాకా నిలబడుతుంది?

నమస్తే అండీ. విశ్వం గురించి చెప్పే వీడియోల్లో బొమ్మలు బాగుంటాయి, సంగీతం బాగుంటుంది. ఈ రివ్యూలో వాటికి మార్కుల్లేవు. చూసేది ఒక్కటే: చెప్పేవాళ్లు ఒక పోలిక తెచ్చాక, అది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పారా లేదా.

ముందు ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్. 1980లో వచ్చిన 'కాస్మోస్' టీవీ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో విశ్వం వయసునంతా ఒక్క ఏడాది క్యాలెండర్‌లోకి కుదించి చూపించారు. ఈ పోలిక ఇప్పటికీ గట్టిదే, ఎందుకంటే లెక్క మనమే వేసి చూసుకోవచ్చు. 1380 కోట్ల ఏళ్లను 365తో భాగించండి: ఒక రోజంటే దాదాపు 3.78 కోట్ల ఏళ్లు, ఒక సెకను అంటే సుమారు 437 ఏళ్లు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లు, అంటే డిసెంబర్ 30 ఉదయం ఆరింటి ప్రాంతం. మన జాతి వయసు 3 లక్షల ఏళ్లనుకుంటే, మనం వచ్చింది 31 రాత్రి 11:48కి. ఒక్క జాగ్రత్త: సేగన్ లెక్క 1500 కోట్ల ఏళ్ల మీద నడిచింది. 2014లో వచ్చిన కొత్త 'కాస్మోస్'లో నీల్ డిగ్రాస్ టైసన్ చెప్పింది 1380 కోట్ల మీద. రెండింటి తేదీలూ కలిపేస్తే సూర్యుడి పుట్టుకే పది రోజుల దాకా జరిగిపోతుంది.

ఇక బెలూన్. విశ్వం వ్యాకోచిస్తోందని చెప్పాలంటే ఎక్కువమంది చెయ్యి దీని మీదికే వెళ్తుంది, తప్పులూ ఇక్కడే ఎక్కువ. పెన్నుతో చుక్కలు పెట్టి ఊదుతారు. బెలూన్‌తో పాటు చుక్కలూ ఉబ్బుతాయి, చూసేవాళ్లు గెలాక్సీలు కూడా సాగుతున్నాయనుకుంటారు. సాగవు. వాటిని వాటి గురుత్వాకర్షణే పట్టి ఉంచుతుంది. మన పక్క గెలాక్సీ ఆండ్రోమెడా అయితే సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల చొప్పున మనవైపే వస్తోంది.

సరిగ్గా చేయాలంటే ఇలా. బెలూన్ కొద్దిగా ఊది, మూతి వేళ్లతో బిగించి, పొట్ట భాగంలో చిన్న చిన్న కాగితం బిళ్లలు అంటించండి. మూతి దగ్గర వద్దు, అక్కడ రబ్బరు సమంగా సాగదు. జిగురు బిళ్ల నడిమధ్యన ఒక్క చుక్క చాలు. అంతా పూస్తే సాగేటప్పుడు చిరుగుతుంది. ఒక బిళ్లను మన గెలాక్సీ అనుకుని, మిగతావాటి దూరాలు దారంతో రబ్బరు మీదుగానే కొలిచి రాసుకోండి. దూరాలు రెట్టింపయ్యేదాకా ఊది మళ్లీ కొలవండి. 2 సెంటీమీటర్లది 4 అయింది, 5 ఉన్నది 10 అయింది. అదే వ్యవధిలో దగ్గరిది 2 జరిగితే దూరంది 5 జరిగింది. 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ ప్రకటించిన సంబంధం ఇదే: గెలాక్సీ ఎంత దూరమైతే అంత వేగంగా దూరమవుతుంది! ఇప్పుడు వేరే బిళ్ల నుంచి కొలవండి, అదే ఫలితం. అందుకే ఎవరూ కేంద్రం కాదు. లోపలి గాలికి ఈ లెక్కలో చోటు లేదు, రబ్బరు ఉపరితలమే విశ్వం అనుకోవాలి. ఈ మాట చెప్పని వీడియో కింద "మరి కేంద్రం ఎక్కడ?" అన్న ప్రశ్న రాక తప్పదు.

రబ్బరు షీటు మీద బరువైన బంతి పెట్టి గురుత్వాకర్షణ చూపించే పద్ధతికి నేను మార్కులు బాగా తగ్గిస్తాను. 1983లో బీబీసీ కార్యక్రమంలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్‌ని అయస్కాంతాల గురించి అడిగారు. రబ్బరు బ్యాండ్లతో పోల్చి చెబితే మోసం చేసినట్టే అన్నారాయన, బ్యాండు ఎందుకు లాగుతుందంటే మళ్లీ విద్యుదయస్కాంత బలాల దగ్గరికే రావాలి కాబట్టి. షీటుకూ అదే పరీక్ష పెట్టండి: బంతి కిందికి దిగేది భూమి లాగడం వల్లే. పైగా వస్తువులు కింద పడటంలో ప్రధాన పాత్ర కాలం వంపుది (భూమికి దగ్గరయ్యే కొద్దీ కాలం కాస్త నెమ్మదిగా నడవడం), అది షీటులో కనిపించనే కనిపించదు.

దాని బదులు భౌతిక శాస్త్రవేత్త బ్రయాన్ కాక్స్ 2014లో చేసింది చూడండి. అమెరికాలోని ఒహాయోలో నాసా వాక్యూమ్ చాంబర్ (గాలి మొత్తం తోడేయగలిగే గది), వ్యాసం 30 మీటర్లు, ఎత్తు 37. ముందు గాలి ఉండగానే బౌలింగ్ బంతినీ ఈకల్నీ వదిలారు, ఈకలు వెనకబడ్డాయి. తర్వాత గాలి తోడేసి మళ్లీ వదిలితే రెండూ కలిసే నేల తాకాయి. మార్చింది గాలి ఒక్కటే, అందుకే కారణం మీద అనుమానం మిగలదు. ఆ వెంటనే ఆయన ఐన్‌స్టీన్ ఆలోచనకు వెళ్తారు: వెనక దృశ్యం కనపడకపోతే ఆ బంతి, ఈకలు పడుతున్నాయని చెప్పే ఆధారమే లేదు. ఆ క్లిప్ అక్కడిదాకా చూడండి, ఈకలు పడగానే ఆపేయకండి.