తాడు కదలనప్పుడు

శ్రోతలకు నమస్కారం.

పల్నాడులో మిరప వేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తోట పూత మీద ఉన్నప్పుడు మందు కొట్టే మిషను ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. కొన్నేళ్ల కిందట మా చిన్నాన్నకు అదే జరిగింది. వీపుకి తగిలించుకునే పెట్రోలు స్ప్రేయరు, మా వైపు తైవాన్ పంపు అంటారు. సాయంత్రం దాకా బాగానే నడిచింది. చివరి ట్యాంకులో గొంతు మారింది, జోరు తగ్గింది, ఆగిపోయింది. తెల్లారి తాడు లాగితే రాలేదు. ఇంకాస్త బలంగా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది గానీ ఇంజను కదల్లేదు. నాకు ఫోను చేశాడు.

"ఏరా, ఇంజను పట్టేసింది. చేయించమంటావా, మూలన పడేసి కొత్తది తెచ్చుకోమంటావా?"

ఇవాళ నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే. ఆ రోజు నేనిచ్చిన జవాబు సగం తప్పు. ఎక్కడ తప్పానో కూడా చెబుతాను.

తాడు రాకపోతే చాలు, పట్టేసిందని తీర్మానించేస్తాం. ఒక్కోసారి తాడు చుట్టుకునే కప్పులోనే స్ప్రింగు తెగి అడ్డం పడి ఉంటుంది. దాని స్క్రూలు విప్పి కప్పు తీసేసి, లోపలి చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. ఒక్కోసారి పంపులో పొడి మందు ఎండి గట్టిపడి ఉంటుంది. పంపును ఇంజను నుంచి విడదీస్తే ఇంజను హాయిగా తిరుగుతుంది. ఇంకోసారి కార్బరేటర్ కారి పిస్టన్ మీద పెట్రోలు నిలుస్తుంది. గాలి నలుగుతుంది, పెట్రోలు నలగదు కదా, అందుకే పిస్టన్ పైకి రాదు. ప్లగ్గు విప్పి మెల్లగా తిప్పితే ఆ పెట్రోలు చిమ్ముకుంటూ బయటికొస్తుంది. అప్పుడు మొహం అడ్డం పెట్టకూడదు, దగ్గర్లో బీడీ వెలుగుతూ ఉండకూడదు. అన్నట్టు, మందు కొట్టిన మిషను అది. కడిగాకే విప్పండి, చేతులకు తొడుగులు వేసుకోండి.

ఇవన్నీ చూసినా కదలకపోతే సైలెన్సర్ విప్పాలి. రెండు బోల్టులే. అది ఉన్నచోట సిలిండర్‌కి ఒక కిటికీ కనిపిస్తుంది, ఆ కిటికీలోంచి పిస్టన్ ఒళ్లు కనిపిస్తుంది. టార్చి వేసి చూడండి. నున్నగా మెరుస్తుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. పైనుంచి కిందికి నాగలి చాళ్లలా గీతలు పడి ఉంటే పట్టేసిన మాట నిజమే. పూర్తిగా విప్పాక ఆ గీతలు ఎటువైపు ఉన్నాయో కూడా చూడాలి. సైలెన్సర్ వైపే ఉంటే వేడెక్కి పట్టింది. కార్బరేటర్ వైపు ఉంటే గాలి ఫిల్టర్ చిరిగి దుమ్ము లోపలికి పోయింది. చుట్టూరా ఉంటే నూనె అందలేదు.

చిన్నాన్న మిషన్లో చుట్టూరా ఉన్నాయి. కూపీ లాగితే తేలింది. కొట్టంలో ఒకేలాంటి క్యాన్లు రెండు. ఒకదాంట్లో ఆయిల్ కలిపిన పెట్రోలు, ఇంకోదాంట్లో బండికి పోసుకునే ఉత్త పెట్రోలు. పనికొచ్చిన కుర్రాడు రెండోది పోశాడు. వాడి తప్పేమీ లేదు. రెండు క్యాన్లూ నీలం రంగువే.

ఈ స్ప్రేయరుది టూ స్ట్రోక్ ఇంజను. దాంట్లో నూనెకి వేరే గది ఉండదు. పెట్రోలుతో కలిసి వెళ్లిన ఆయిలే దానికి తిండి. లీటరుకి 40 మిల్లీలీటర్లు కలిపితే 25కి 1 పాళ్లు, 20 కలిపితే 50కి 1. మీ మిషనుకి ఏది కావాలో దాని పుస్తకంలో ఉంటుంది. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులో నూనె పొర లేకపోతే రాపిడికి పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఉబ్బి, గోడకి రాసుకుని, కరిగి అంటుకుంటుంది. పట్టేయడమంటే అదే. గత పంటకాలంలో మిగిలిన పెట్రోలు పోసినా ఈ ముప్పు ఉంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు 20 శాతం దాకా కలుపుతున్నారు. నిలవ క్యాన్లో తేమ చేరితే ఇథనాలు నీళ్లను పట్టుకుని అడుగుకి దిగుతుంది. ఆ అడుగు భాగంలో ఆయిల్ కలవదు. ఇంజను ముందు పీల్చేది అడుగునున్నదాన్నే.

సరే, చిన్నాన్న మిషన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ అబ్బాయి సిలిండర్ ఊడదీసి, లోపలి గోడ మీద గోరుతో గీసి చూశాడు. "గోరు ఆగట్లేదు బాబాయ్, గోడ బాగానే ఉంది. అంటుకుంది పిస్టన్ లోహమే" అన్నాడు. ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి సిలిండర్ గోడ మీద క్రోమియం పూత ఉంటుంది. పూత బాగుంటే మీద అంటుకున్న అల్యూమినియాన్ని యాసిడ్‌తో తీసేస్తారు. అది చేయి తిరిగినవాళ్ల పని, ఇంట్లో పెట్టుకోవద్దు. పూత లేచిపోయిందా, ఇక ఆ సిలిండర్ మార్చాల్సిందే. లేత్ షాపులో బోర్ కొట్టించి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద పిస్టన్ వేయించడం ఇనప గోడ ఉన్నవాటికే కుదురుతుంది.

పిస్టన్, రింగులు కొత్తవి వేస్తే సరిపోతుందన్నాడు. కొత్త మిషను ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఏ మూలకీ రాదు. నేను ఫోన్లోనే "కానిచ్చెయ్ చిన్నాన్నా" అన్నాను. రెండో పూటకల్లా మిషను మోగింది.

నెల రోజులు నడిచింది. ఆ తర్వాత కింది నుంచి కటకటమని చప్పుడు మొదలైంది. వారం తిరిగేసరికి మళ్లీ పట్టేసింది. ఈసారి క్రాంకు దగ్గర, అంటే పిస్టన్ కింద తిరిగే ఇరుసు దగ్గర.

నేను మరిచింది అదే. పిస్టన్‌కి నూనె అందని ఆ అరగంటలో కింద క్రాంకు బేరింగుకీ, క్రాంకునీ పిస్టన్నీ కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగుకీ కూడా అందలేదు. అవి బతికేదీ ఆ పెట్రోలులో వచ్చిన ఆయిల్ మీదే. పైగా పిస్టన్ నుంచి రాలిన లోహపు రజను కిందే చేరుతుంది. మనం మాత్రం కళ్లకి కనిపించే పిస్టన్‌ని చూసి లెక్కలు కడతాం. సిలిండర్ తీసిన రోజే రాడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడమని నేను చెప్పాల్సింది. పక్కలకి కాస్త ఊగితే ఫర్వాలేదు. నిలువునా కొంచెం ఆడినా, తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమన్నా ఆ ఇంజను మీద ఇక రూపాయి పెట్టకూడదు. క్రాంకు మార్చడమంటే ఇంజను మొత్తం రెండుగా విప్పడమే. సామానూ కూలీ కలిపితే కొత్తదాని ధరలో సగం దాటేస్తుంది. నా లెక్కలో సగం దాటిందంటే ఆగిపోవాల్సిందే. పేరూ ఊరూ లేని కంపెనీ మిషనయితే సగం దాకా కూడా రానివ్వను. దానికి విడిభాగాలు దొరుకుతాయో లేదో విప్పకముందే షాపులో అడగాలి.

ఫోర్ స్ట్రోక్ ఇంజను సంగతి వేరు. దానికి నూనె గది విడిగా ఉంటుంది. కొత్తది కొన్నప్పుడు చాలావాటిలో ఆ నూనె ఉండదు, మనమే పోయాలి. పోయకుండా తాడు లాగిన మహానుభావుల్ని నేనెరుగుదును.

ఇక మా పెదనాన్న ఆయిల్ ఇంజను. లిస్టర్ టైపుది. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టిన నమూనాకి రాజ్‌కోట్‌లో పోతపోసిన నకలు. రెండు పెద్ద చక్రాలు, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయడం, దుక్‌దుక్‌మని ఊరంతా వినపడే చప్పుడు. బోరుకి కరెంటు వచ్చాక దాన్ని షెడ్డులో వదిలేశారు. పొగగొట్టంలోంచి వాన నీళ్లు దిగి పిస్టన్ తుప్పుతో బిగిసింది. పాత ఇనుము వాడికి అమ్మేద్దామన్నారు. నేను అడ్డుపడ్డాను. ఎందుకంటే అది పరిగెడుతూ వేడెక్కి పట్టేసింది కాదు, నిలబడి పట్టేసింది. కింది గదిలో నూనె అలాగే ఉంది, క్రాంకుకి ఏ దెబ్బా తగల్లేదు.

హెడ్ విప్పి పిస్టన్ చుట్టూ డీజిల్ పోసి వదిలేశాం. రోజూ పొద్దున చక్రాన్ని అటు ఇంత, ఇటు ఇంత ఒత్తి చూడటమే తప్ప సుత్తి ముట్టలేదు. ఆరో రోజున బెత్తెడు కదిలింది. సిలిండర్ లోపలి గొట్టం, అదే లైనరు, గుంటలు పడితే ఊడదీసి కొత్తది దించాం. ఆ తరహా ఇంజను కాబట్టి ఆ వీలుంది. పాత నూనె మార్చి హ్యాండిల్ తిప్పాం. కరెంటు పోయిన రోజున అది ఇప్పటికీ నీళ్లు తోడుతోంది.

చిన్నాన్న స్ప్రేయరు మాత్రం షెడ్డులో వంకెకి వేలాడుతోంది. దాని ట్యాంకూ గన్నూ కొత్త మిషనుకి వాడుకుంటున్నాడు. ఆయిల్ కలిపిన పెట్రోలు క్యానుకి ఇప్పుడు ఎర్ర రంగు వేశాడు. మెడకి ఒక గుడ్డ పీలిక కూడా కట్టాడు, చీకట్లో చేయి పెట్టినా తెలియాలని.

నమస్కారం.