14 అడుగుల రాడ్డు, 11 వేల వోల్టుల తీగ

(సంక్రాంతికి మా ఊరి గ్రంథాలయంలో పెట్టిన సభలో మాట్లాడింది)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పమని అధ్యక్షుల వారు చీటీ ఇచ్చారు గానీ, రోజూ టీ కొట్టు దగ్గర కలిసేవాళ్లమే కదండీ, ఆ పేర్లన్నీ చదివేసరికి నాకిచ్చిన టైములో సగం హరీమంటుంది. అందుకని చీటీ జేబులో పెట్టేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

పండక్కి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చే మన పిల్లలు ఈమధ్య కార్లలో చేపలు పట్టే గాలం రాడ్లు వేసుకుని దిగుతున్నారు. అంతర్వేది, పేరుపాలెం, ఓడలరేవు, ఎక్కడ చూసినా ఒడ్డున వరసగా నిలబడి విసురుతున్నారు. సంతోషం. వాళ్లకి సముద్రం రాడ్డు ఎలా కొనుక్కోవాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను లైన్‌మన్‌గా చేసి రిటైరయినవాణ్ణి, గాలం పిచ్చి మా మావయ్య అంటించాడు. రెండూ కలిపే మాట్లాడతాను, మధ్యలో ఆపకండి.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఎన్నడుగులది కొనాలి అని. అది రెండో ప్రశ్న అవ్వాలి బాబూ. రీలు బిగించే చోటుకి కాస్త పైన, కర్ర మీద చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది చూడండి, 100–200 గ్రాములనో 4–6 ఔన్సులనో. ఔన్సంటే 28 గ్రాములు. గాలానికి కట్టే సీసం ఎంత బరువుది విసరడానికి ఆ కర్ర చేశారో చెప్పే అంకె అది. ఆ అంకె లేని రాడ్డు ఎంత నున్నగా మెరుస్తున్నా అక్కడే పెట్టేసి వచ్చేయండి. మన దగ్గర గోదారి సముద్రంలో కలిసే చోట పాటు, అంటే వెనక్కి తీసే నీరు, లాగుతున్నప్పుడు రెండు ఔన్సుల సీసం వేస్తే అది నిలవదు, దొర్లుకుంటూ పోయి పక్కవాడి తంగూసుకి, అదే నైలాన్ దారానికి, చుట్టుకుంటుంది, ఆ తర్వాత జరిగేది మీకు తెలుసు. నాలుగు, ఐదు ఔన్సులు ఉండాలి, ఇసకలో పట్టుకునే తీగ కాళ్లున్న సీసమైతే మరీ మంచిది. వరదల్లో అయితే అదీ చాలదు, గుర్రపు డెక్క కొట్టుకొచ్చి దారం మీద పడితే ఏ సీసమైనా కదలాల్సిందే, అప్పుడు ఇంటికి పోయి పులస గురించి మాట్లాడుకోవడమే.

ఇక పొడుగు. మన ఒడ్డు నిటారుగా దిగదు, మోకాటి లోతే చాలా దూరం పోతుంది. కెరటం విరిగే చోట ఇసక దిబ్బ, దాని వెనకాల కొంచెం లోతు ఉంటుంది, చేప తిరిగేది ఆ లోతులో. ఎర అక్కడ పడాలి, దారం విరిగే కెరటాల పైనుంచి పోవాలి, అందుకే పొడుగు రాడ్డు. 12 అడుగులు చాలు, మహా అయితే 13. 14 అడుగులది ఆరడుగుల మనిషికీ, విసరడం బాగా వచ్చినవాడికీ. కొత్తవాళ్లు మరీ బిర్రుగా ఉండేది కొనకండి, కొస మెత్తగా వంగి కర్ర నడిమి దాకా కొంచెం వంగేది తీసుకోండి. బిర్రు కర్రని వంచే ఒడుపు రాకపోతే దూరం పడదు సరికదా, ఆ విదిలింపుకి మెత్తటి రొయ్య ఎర కొక్కెం నుంచి ఊడి గాల్లోనే పోతుంది. ఎరకి సన్నటి సాగే దారం నాలుగు చుట్లు చుట్టండి.

ఇప్పుడు మా అల్లుడు గారి సంగతి. ఆయన ఇక్కడే మూడో వరసలో ఉన్నారు, దణ్ణం పెడుతున్నారు వద్దని, అయినా చెప్తాను. దీపావళికి ఆన్‌లైన్‌లో ఒక రాడ్డు తెప్పించి నాకిచ్చారు. ఒకదాంట్లోంచి ఒకటి బయటికి లాగే రకం, మూస్తే సంచీలో పడుతుంది. బొమ్మలో కార్బన్ అని ఉంది, కర్ర మీద బరువు అంకె లేదు. మొదటి రోజే ఇసక దూరి మూడో ముక్క బిగుసుకుపోయింది, రాదు, పోదు. రెండో రోజు దారం దూరే రింగు లోపలి పింగాణీ వలయం ఊడిపోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ఫొటో పెట్టమన్నారు, పెట్టాం. వీడియో పెట్టమన్నారు, అదీ పెట్టాం. ఆఖరికి వాపసు గడువు దాటిపోయిందన్నారు. దాటించింది ఎవరండీ? అంటే ఏమంటే, ఒడ్డుకి రెండు ముక్కలదో మూడు ముక్కలదో తీసుకోండి, అతుకు దగ్గర పట్టుకుని వంచి చూడండి, టిక్కుమని చప్పుడొచ్చినా ఆడినా వద్దు. చిన్న దూది ముక్క పట్టుకెళ్లి ప్రతి రింగు లోపలా తిప్పండి, దూది పోగు తగులుకుందంటే అక్కడ పగులుంది, అది మీ దారాన్ని రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. మీ రీలు కూడా తీసుకెళ్లి బిగించి పట్టుకుని చూడండి. రీలుకీ కర్ర మొదలుకీ మధ్య దూరం మీ చేతులకి సరిపోకపోతే ఎంత ఖరీదైన రాడ్డయినా విసరలేరు.

సరే, ఇది చూడండి. వెనక వాళ్లకి కనిపిస్తోందా? ఇదీ ఒకప్పుడు రాడ్డే. నేను సర్వీసులో ఉండగా రొయ్యల చెరువు గట్టు మీద నుంచి తీసుకొచ్చి దాచాను. ఇక్కడ పైన రంగంతా పొక్కిపోయింది, ఈ చోట కర్ర పగిలి లోపలి కార్బన్ పోగులు చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి. వాసన ఇప్పుడు పోయింది గానీ చాలా రోజులు ఉండేది. ఇది పట్టుకున్న అబ్బాయి సముద్రం దగ్గర రాడ్డు బిగిస్తే ఇసక పడుతుందని కారు దగ్గరే బిగించి, నిలువుగా పట్టుకుని గట్టు మీద కరెంటు తీగ కింద నడిచాడు. బతికాడు. కుడిచెయ్యి రెండు వేళ్లు తీసేశారు.

కార్బన్‌లో కరెంటు పారుతుందండీ. బొగ్గు అది. ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, ఇంత హాల్లో నలుగురు.

లెక్క చెప్తాను. రోడ్డు మీద కాకుండా పొలాల్లో, గట్ల మీద పోయే 11 వేల వోల్టుల తీగ భూమికి కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉంటే చాలని రూలు. 14 అడుగులంటే 4.2 మీటర్ల పైనే. మొదలు నడుం దగ్గర పట్టుకుని నిలబెడితే కొస 5 మీటర్లు దాటుతుంది. రూలు ప్రకారం ఉన్న తీగకే తగిలేస్తుంది, ఇక ఎండకి సాగి వేలాడే మన చెరువుల తీగల సంగతి మీరే చెప్పండి. తగలక్కర్లేదు కూడా, బాగా దగ్గరికి పోతే దూకుతుంది. నాది ఫైబర్ గ్లాసండీ, దానిలో కరెంటు పారదు కదా అంటారు కొందరు. పొడిగా ఉంటే పారదు. ఉప్పునీళ్లతో తడిసిన కర్రని నేనైతే నమ్మను.

పిడుగు సంగతీ అంతే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు, ఒడ్డున గాలాలు ఎక్కువయ్యేదీ అప్పుడే, సాయంత్రం పిడుగులు పడేదీ అప్పుడే. చదునైన ఇసకలో అందరికంటే ఎత్తున కార్బన్ కర్ర పట్టుకుని నిలబడేది మీరు. ఉరుము వినిపిస్తే రాడ్డు అక్కడే పడేసి కారెక్కండి. గాలానికి పండుగప్ప చేప పడి ఉన్నా సరే. నవ్వకండి.

టైమైందని గంట కొడుతున్నారు. పడవలు కట్టే జెట్టీ సంగతి చెప్పనే లేదు. జెట్టీ మీద, రాళ్ల కట్టల మీద 9, 10 అడుగులు చాలు, అక్కడ చేప కాళ్ల కిందే స్తంభాల నీడన ఉంటుంది, దూరం పనిలేదు, రాడ్డు నడిమి భాగం గట్టిగా ఉండాలి, లేకపోతే స్తంభంలోకి దూరే చేపని తిప్పలేరు. పడిన చేపని రాడ్డుతో పైకెత్తకండి, కొస విరుగుతుంది, తాడు కట్టిన వల దించి తీయండి. హార్బరు జెట్టీ అయితే ముందు అనుమతి అడగండి.

ఇంకొక్కటే. అసలు దారానికి ముందు లావు తంగూసు ముక్క కట్టాలి, సీసం ఔన్సుకి 10 పౌన్ల బలం లెక్కన, ఐదు ఔన్సులకి 50 పౌన్ల బరువు తెగకుండా ఆపేది. పొడవు రాడ్డుకి రెండింతలు, రీలు మీద కూడా కొన్ని చుట్లు ఉండేలా. అది లేకుండా విసిరితే దారం తెగి ఆ సీసం గుండులా పోతుంది, పండగ రోజుల్లో పేరుపాలెంలో ఎంత జనం ఉంటారో మీకు నేను చెప్పాలా?

అయిపోయిందండీ, కూర్చుంటాను. బయట లైబ్రేరియన్ గారి బల్ల మీద ఒక అర్జీ పెట్టాను. బీచి రోడ్డు పక్క చెరువు గట్ల మీద వేలాడుతున్న తీగలు ఎత్తు చేయించమని, కార్లు ఆగే చోట హెచ్చరిక బోర్డులు పెట్టమని. చెరువుల రైతులు కూడా సంతకం పెట్టండి, అది మీ మీద ఫిర్యాదు కాదు. తీగ కిందికి దిగినట్టు కనిపిస్తే 1912కి ఫోన్ చేయండి, స్తంభం మీద రాసిన నంబరు చూసి చెప్పండి, ఆ నంబరు లేకపోతే లైన్‌మన్ చెరువులన్నీ తిరగాలి. అర్జీలోనూ సంతకం పక్కన స్తంభం నంబరు రాయడానికి గడి గీశాను. పెన్ను దారంతో కట్టి ఉంది, పట్టుకుపోకండి.