తొణకకుండా తెచ్చినవాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

మీలో చాలామంది రైలు గేటు దగ్గరో, టోలుగేటు దగ్గరో పెట్రోలు ట్యాంకరు వెనకాల ఆగి ఉంటారు. ఈసారి ఆగినప్పుడు దాని వెనక బిగించిన పలకను ఒకసారి చూడండి. 3వైఈ అని ఒకచోట, 1203 అని మరొకచోట రాసి ఉంటుంది. 1203 అనేది పెట్రోలుకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు, ఏ దేశానికి వెళ్ళినా అదే. 3వైఈ మాత్రం లండన్ అగ్నిమాపక దళం వాళ్ళు పుట్టించిన భాష. అక్కడి ట్యాంకర్ల కోసం పుట్టిన ఆ మూడక్షరాలు మన లారీల వెనక కూడా తిరుగుతున్నాయి. ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఆ ట్యాంకర్ల గురించి. వాటిని చేసినవాళ్ళ గురించి, నడిపినవాళ్ళ గురించి.

నాకు ఈ విషయం మీద ఇంత మమకారం ఎందుకంటే, మా నాన్న ట్యాంకరు డ్రైవరు. 1957లో విశాఖపట్నంలో కాల్‌టెక్స్ వాళ్ళ రిఫైనరీ మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నాన్న అక్కడ లోడు ఎత్తి శ్రీకాకుళం వైపు బంకులకు వేసేవాడు. బండి అశోక్ లేలాండ్ కామెట్. లేలాండ్ అంటే కంపెనీ పేరనే నేను చాలాకాలం అనుకున్నాను. అది ఇంగ్లండులో లాంకషైర్ జిల్లాలో ఒక ఊరని, ఆవిరి బండ్లతో 1896లో అక్కడ మొదలైన కార్ఖానాకే తర్వాత ఆ ఊరి పేరు పెట్టారని పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో తెలిసింది.

2014 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి యార్క్‌షైర్ వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. వాళ్ళ వీధి చివర పురపాలక సంఘం అద్దెకిచ్చే చిన్న చిన్న పెరటి మళ్ళు ఉన్నాయి. ఒక మడిలో రోజూ ఒక పెద్దాయన కనిపించేవాడు, ఎనభై ఏళ్ళు ఉంటాయి. ఏం చేసేవారని అడిగితే ట్యాంకర్లు నడిపానన్నాడు. మా నాన్నదీ అదే పని అన్నాను. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరికీ సాయంత్రాలు తెలియలేదు.

ఆయన మొదటిరోజే ఒక ప్రశ్న వేశాడు. "నిండు ట్యాంకు కష్టమా, సగం ట్యాంకు కష్టమా?" నేను తడుముకోలేదు. మనకు సామెతే ఉంది కదా, నిండుకుండ తొణకదని. మా నాన్న నోటా అదే మాట వినేవాణ్ణి. నిండిన బండి బరువుగా ఉంటుంది కానీ చెప్పిన మాట వింటుంది. సగం దింపి మరో బంకుకు బయలుదేరినప్పుడే భయం. బ్రేకు వేశాక లారీ ఆగుతుంది, లోపలి నూనె ఆగదు. ముందుకు వచ్చి కొడుతుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. మలుపులో అయితే పక్కకు ఒరిగి, బండిని కూడా తనతో తీసుకుపోవాలని చూస్తుంది.

బావి నుంచి నీళ్ళు మోసేటప్పుడు మా అమ్మ బిందెలో ఒక వేపరెమ్మ వేసేది. ఆకులు నీటి మీద తేలుతూ అలను విరగ్గొడతాయి, నీళ్ళు చిందవు. ట్యాంకు లోపల నిలువుగా పెట్టే కన్నాల పలకలు చేసే పని కూడా అదే. పెట్రోలు ట్యాంకును అరలు అరలుగా విడగొట్టడంలో కూడా సగం కారణం ఇదే. పాల ట్యాంకుల్లో మాత్రం చాలావాటికి ఈ పలకలు ఉండవు. మూలల్లో పాలు చిక్కుకుంటే పులుస్తాయి, కడగడం కుదరదు. అందుకని సగం నిండిన పాలబండి నడిపే మనిషి చేతుల్లో ఎంత ఒడుపు ఉండాలో ఆలోచించండి.

ట్యాంకు ఆకారం కూడా ఊరికే రాలేదు. పెట్రోలు ట్యాంకు వెనక నుంచి చూస్తే కోడిగుడ్డును పడుకోబెట్టినట్టు ఉంటుంది. వెడల్పు పెరిగి ఎత్తు తగ్గితే బరువు నేలకు దగ్గరవుతుంది, ఒరిగే భయం తగ్గుతుంది. గ్యాసు ట్యాంకు మాత్రం గుండ్రంగా ఉండాల్సిందే. లోపలి ఒత్తిడి అన్ని వైపులా సమానంగా తన్నుతుంది కాబట్టి గుండ్రటి గోడే దాన్ని తట్టుకుంటుంది.

ఇంగ్లండులో ట్యాంకరు లారీ ఒకరి చేతి మీద తయారయ్యేది కాదు. చాసిస్, అంటే కింది ఇనుప చట్రం, ఒకరిది, ట్యాంకు మరొకరిది. చాసిస్ అయితే సౌతాల్‌లో ఏఈసీ, లేలాండ్‌లో లేలాండ్, శాండ్‌బాచ్ అనే చిన్న ఊళ్ళో ఫోడెన్, ఈఆర్ఎఫ్. ఈ చివరి రెండింటిదీ ఒకే కుటుంబం. ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ బయటికి వచ్చి తన పేరులోని మొదటి అక్షరాలతో 1933లో ఈఆర్ఎఫ్ పెట్టాడు. ట్యాంకులకు బిల్‌స్టన్‌లో థాంప్సన్ బ్రదర్స్ ఉండేవాళ్ళు. విమానాలకు పెట్రోలు పోసే మూడు చక్రాల బండ్లు కూడా చేసింది వాళ్ళే. యార్క్‌షైర్‌లోనే, షిప్లీ ఊళ్ళో బటర్‌ఫీల్డ్ ఉండేది. ఒకరోజు పెద్దాయన నన్ను ఆ ఊరికి బస్సులో తీసుకెళ్ళి, ఒక వంతెన మీద నిలబడి, చేత్తో గాలిలో ఒక ట్యాంకు గీసి చూపించాడు. అతుకు ఎక్కడ వచ్చేదో, వెల్డరు లోపల మోకాళ్ళ మీద ఎలా కూర్చునేవాడో, వెల్డింగు పొగ ఎటు పోయేదో అన్నీ చెప్పాడు. వెల్డరు పేరు బండి మీద ఎక్కడా ఉండదు, కానీ అతుకు చూసి ఎవరి చేతిదో డిపోలో చెప్పగలిగేవాళ్ళం అన్నాడు. ఆ మాట నాలో ఉండిపోయింది. మెకానికల్ ఇంజనీరింగు ముప్పై ఏళ్ళు బోధించాను, ఒక అతుకును అంత గౌరవంగా చూడడం మాత్రం ఆ వంతెన మీదే నేర్చుకున్నాను.

వాట్‌ఫర్డ్‌లోని స్కామెల్ వాళ్ళది ఇంకో తెగువ. చాసిస్ మీద ట్యాంకు పెట్టడం ఎందుకు, ట్యాంకే చాసిస్ అయితే పోదా అనుకున్నారు. 1920లలోనే అలా చేసి చూపించారు. ముందు లాగే బండి, వెనక ట్యాంకుకే నేరుగా చక్రాలు, మధ్యలో ఇనుప దూలాలు లేవు. తగ్గిన బరువంతా సరుకుగా మారింది. ఒంటి బలం లోపలి ఎముకలో కాక పైడొల్లలోనే ఉన్న పురుగుల్లాంటి నిర్మాణం అది. ఈరోజు మన రోడ్ల మీద కూడా అలాంటి ట్రెయిలర్లు ఎన్నో. స్కామెల్ కార్ఖానా మాత్రం 1988లో మూతపడింది.

ఇక నడిపినవాళ్ళ సంగతి. పెద్దాయన 1956లో స్టీరింగు పట్టాడు. అప్పటికి పెద్ద లారీలకు చట్టం ఇచ్చిన వేగం గంటకు 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు. మరుసటేడు దాన్ని 30 మైళ్ళు చేశారు. యార్క్‌షైర్ నుంచి లండన్ దాదాపు 200 మైళ్ళు. లెక్క వేసుకోండి, ఆగకుండా పోయినా పది గంటలు. రోజుకు పదకొండు గంటలకు మించి నడపకూడదని 1930 నాటి చట్టం. అంటే వెళ్ళినరోజు తిరిగి రావడం అనే మాటే లేదు. దారిలో అద్దె గదుల్లో ముక్కూ మొహం తెలియని డ్రైవర్లతో కలిసి పడుకోవడం, తెల్లవారుజామున ఇంకొకరి అలారం మోతకు లేవడం. ఎనిమిది చక్రాల బండి సరుకుతో కలిపి 24 టన్నులు. దాన్ని లాగే గార్డ్‌నర్ ఇంజను 1958లో 150 గుర్రాల శక్తికి వస్తే గొప్పగా చెప్పుకున్నారట. మన ఇళ్ళ ముందుండే మామూలు కార్లకే ఇప్పుడు 80, 90 ఉంటోంది.

పడమటి వైపు నుంచి స్కాట్లండుకు పోవాలంటే షాప్ కొండ ఎక్కాలి. రోడ్డు దాదాపు 1,400 అడుగుల ఎత్తుకు పోతుంది. చలికాలంలో మంచు. 1970లో ఆ పక్కనే మోటారు మార్గం వచ్చేదాకా అటు పోయే లారీలకు అదే ముఖ్యమైన దారి. కొండెక్కేటప్పుడు నడిచే మనిషి పక్కన నడిచినంత నెమ్మదిగా పోయేవాళ్ళమని, దిగేటప్పుడే దేవుణ్ణి తలుచుకునేవాళ్ళమని ఆయన అన్నాడు. మా నాన్నకు ఘాట్ రోడ్డు మీద ఇంజను గేరులో ఉంచి దిగమని చెప్పిన గురువు ఎవరో నాకు తెలియదు. ఆ పాఠం షాప్ కొండ మీదా అదే.

అప్పటి రవాణా కంపెనీల పేర్లు ఆయన మంత్రంలా చదివేవాడు. హెక్‌మండ్‌వైక్‌లో హెరాల్డ్ వుడ్. బార్కింగ్‌లో క్రో క్యారీయింగ్. మాడిస్టన్‌లో స్మిత్, గ్రేంజ్‌మౌత్ రిఫైనరీకి దగ్గర. సెయింట్ హెలెన్స్‌లో సట్టన్స్. చిప్పెన్‌హామ్‌లో బుల్‌వర్క్. ప్రతి పేరుకూ ఒక ఊరు, ప్రతి ఊరికీ ఒక రంగు. దూరం నుంచి రంగు చూసి ఎవరి బండో పోల్చుకుని హెడ్‌లైటు కొట్టి పలకరించుకునేవాళ్ళట.

ఇన్ని చిన్న కంపెనీలు అన్నేళ్ళు ఎలా మిగిలాయని నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే 1947లో అక్కడి ప్రభుత్వం రోడ్డు రవాణాను జాతీయం చేయడానికి చట్టం తెచ్చింది. వేలకొద్దీ లారీలు సర్కారువి అయ్యాయి. అయితే ట్యాంకుల్లో ద్రవాలు మోసే పనిని ఆ నిర్బంధం నుంచి మినహాయించారు. సామాన్ల తరలింపు, పశువులు, నరికిన దుంగలు లాంటి ప్రత్యేకమైన పనులతో పాటు దీన్నీ విడిచిపెట్టారు. ఎవరు పడితే వాళ్ళు చేసే పని కాదని చట్టమే ఒప్పుకున్నట్టయింది. ఆ వృత్తికి దక్కిన మర్యాదగానే దాన్ని నేను చూస్తాను.

ఏమేం మోసేవాళ్ళు! వించంటన్ అనే చిన్న ఊరి పేరుతో 1925లో మొదలైన సంస్థ పాలు మోయడంతోనే పెరిగింది. పల్లెల్లో పాలు డబ్బాల్లో పోసి రోడ్డు పక్కన పెట్టే పద్ధతి 1979 దాకా సాగింది, ఆ తర్వాత అంతా ట్యాంకులే. చాక్లెట్టును కరిగించి, గట్టిపడకుండా వేడి గోడల ట్యాంకుల్లో కార్ఖానాకు చేర్చేవాళ్ళు. తారును 150 డిగ్రీలకు పైన కాగుతుండగా తీసుకెళ్ళేవాళ్ళు. ఆ ట్యాంకు అడుగున గ్లాసెడు నీళ్ళు మిగిలి ఉన్నా, వేడి తారు పడగానే ఆవిరై, మొత్తం పొంగి మనిషి మీద పడుతుంది. దానికి నేరుగా ఎదురు కోసన ద్రవ ఆక్సిజన్, సున్నాకు 183 డిగ్రీలు కింద. యాసిడ్ ట్యాంకులకు లోపల రబ్బరు పూత. ఏ సరుకు దించి ఏ సరుకు నింపుతున్నామో తెలియకపోతే ప్రాణాలు పోతాయి. ఖాళీ ట్యాంకులోకి కడగడానికి దిగి గాలి అందక పడిపోయిన ఇద్దరి సంగతి చెబుతూ పెద్దాయన కాసేపు మాట్లాడలేకపోయాడు. ఒకడు పడ్డాడని రెండోవాడు దిగాడట. మన దగ్గర డ్రైనేజీ గుంతల్లో జరిగేది కూడా అచ్చంగా ఇదే కదా.

3వైఈ పుట్టింది ఈ బాధలోంచే. రోడ్డు మీద ట్యాంకరు బోల్తా పడుతుంది. డ్రైవరు స్పృహలో లేడు. లోపల ఏముందో తెలియకుండా నీళ్ళు కొడితే మేలు జరగవచ్చు, కీడు జరగవచ్చు. వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి పుస్తకం తిరగేసే తీరిక ఉండదు. అందుకని పలక మీద పదార్థం పేరుకంటే ముందు, ఏం చేయాలో రాశారు. మొదటి అంకె దేనితో ఆర్పాలో చెబుతుంది. 1 అంటే నీటి ధార, 2 అంటే సన్నని తుంపర, 3 అంటే నురుగు, 4 అంటే నీరు అసలు తగలకూడదు. తర్వాతి అక్షరం, ఒలికినదాన్ని నీళ్ళతో పలచన చేసి పోనివ్వవచ్చా, లేక కాలువలోకి పోకుండా కట్ట వేయాలా, సిబ్బంది ఒంటి మీద ఏం వేసుకోవాలి అన్నది చెబుతుంది. వై అంటే పేలే ప్రమాదం ఉంది, శ్వాస పరికరం పెట్టుకోండి, మురుగు కాలువలోకి పోనివ్వకండి. చివర ఈ ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయండి. మూడే గుర్తుల్లో ఇంత మాట. ట్యాంకర్ల మీద ఇలాంటి పలకలు ఉండాలని బ్రిటన్ 1978లో నిబంధనలు తెచ్చింది.

తర్వాత రోజులు మారాయి. 1964లో 32 టన్నుల ట్రెయిలర్ బండ్లకు అనుమతి వచ్చింది, 1983లో 38 అయింది, 2001లో 44. ఒక బండి రెండు బండ్ల పని చేస్తే డ్రైవర్లు తగ్గారు. నేల కింద పైపులైన్లు వచ్చాయి. చిన్న కంపెనీలు పెద్దవాటిలో కలిశాయి, రంగులు చెరిగిపోయాయి. సట్టన్స్ లాంటి ఒకటో రెండో పేర్లు నిలబడ్డాయి.

నేను బయలుదేరే ముందురోజు పెద్దాయన మడి దగ్గరికి వెళ్ళాను. చిక్కుడు తీగలు పాకించడానికి కర్రలు పాతి ఉన్నాయి. వాటిలో ఒకటి కర్ర కాదు, పలకల ఇత్తడి కడ్డీ. చూడగానే గుర్తుపట్టాను, డిప్ రాడ్. ట్యాంకు అరలో ముంచి ఎంత సరుకు ఉందో కొలిచేది. నిప్పురవ్వ పుట్టకూడదని ఇత్తడితో చేస్తారు. ఏ బండి కడ్డీ ఆ బండికే. మా నాన్న బంకులో లోడు దించే ముందు దాన్ని తుడిచి, ముంచి, పైకెత్తి, తడి గీత ఎక్కడుందో బంకు యజమానికి చూపించేవాడు. ఆ గీత దగ్గర ఇద్దరూ తల ఊపితేనే పైపు బిగించడం.

పెద్దాయన తీగను కొద్దిగా పక్కకు జరిపాడు. కడ్డీ మీద చెక్కిన గీతలు ఇంకా ఉన్నాయి. ఆయన బొటనవేలితో కిందనుంచి పైకి తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. "మూడో అర. ఇక్కడికి నిండు," అన్నాడు. తీగ అప్పటికి ఆ గీత దాటి జానెడు పైకి పాకింది.