పీప్ సైజు అడిగే ముందు సైట్ ఏదో చెప్పండి

(చీనీ తోట. బోరు షెడ్డు పక్కన మంచం మీద కాంపౌండ్ విల్లు (రెండు కొసల్లో చక్రాలుండేది), టేపు, చిన్న చిన్న పీపులు ఉన్న డబ్బా.)

అందరికీ నమస్కారం. అనంతపురం పక్కన మా తోట నుంచే మాట్లాడుతున్నా. ఇప్పుడు కరెంటు లేదు, అందుకే ఇంత ప్రశాంతంగా ఉంది. త్రీఫేజ్ వచ్చిందంటే నేను మోటారు దగ్గరికి పరిగెత్తాలి. ఆలోపు ఎంత చెప్పగలిగితే అంత చెప్తా.

మా చిన్నాయన కొడుకు ఒకడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ జింకల వేటకి లైసెన్సు ఇస్తారు, విల్లుతో వేటాడేవాళ్లకి వేరే సీజనే ఉంటుంది. వీడు కొత్తగా విల్లు కొన్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "అన్నా, పీప్ ఎంత సైజు తీసుకోవాలి?" అన్నాడు. పీప్ అంటే విల్లు తాడులో ఇరికించే, చిన్న బొక్క ఉన్న ముక్క. తాడు లాగాక దాంట్లోంచే చూస్తాం. సైట్ అంటే విల్లుకి ముందర బిగించే గురి పరికరం, గురి పెట్టే సన్నటి పిన్నులు దాంట్లోనే ఉంటాయి.

"నీ సైట్ ఏదిరా?" అన్నా.

"సైట్ ఇంకా కొనలేదన్నా. ముందు పీప్ వేయించేస్తా. చిన్న బొక్క అయితే గురి బాగా కుదురుతుందంట కదా?"

ఇదిగో, ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కామెంట్లలో ఇదే, మెసేజ్‌లలో ఇదే. చిన్న బొక్క, మంచి గురి. పైగా అర్జునుడి కథ ఒకటి చెప్తారు, ఆయనకి పక్షి కన్ను తప్ప ఏమీ కనిపించలేదని. అప్పా, ద్రోణుడు ఆ పరీక్ష పట్టపగలు పెట్టుంటాడు. తెల్లవారుజామున ఐదున్నరకి పెట్టుంటే అర్జునుడు కూడా, "గురువుగారూ, పక్షి ఎక్కడుంది?" అని అడిగుండేవాడు.

అసలు విషయంలోకి పోయే ముందు ఒక మాట. మన దేశంలో వేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కుందేలైనా సరే, రోళ్లపాడు వైపు తిరిగే కృష్ణజింకైనా సరే, విల్లు ఎత్తితే కేసే. "అన్నా, అడవిపందికి ఏ సైట్ బాగుంటుంది?" అని అడిగేవాళ్లకి నేను జవాబివ్వను. అదిగో, ఆ ఎర్రమట్టి గట్టు ముందర నిలబెట్టిన ఫోమ్ పంది, నా వేటంతా దాని మీదే. దూరం చెప్పకుండా ఇలాంటి బొమ్మల్ని కొట్టించే త్రీడీ ఆర్చరీ అనే పోటీలున్నాయి. వాటికీ హంటింగ్ సైటే పనికొస్తుంది కాబట్టి ఈ లెక్కంతా మనకీ అవసరమే.

ఇప్పుడు బోరు దగ్గరికి రండి.

(కెమెరా బోరు కేసింగ్ పైపు వైపు.)

ఈ జిల్లాలో పుట్టినవాడికి బోరు గురించి చెప్పక్కర్లేదు. మోటారు దించే రోజు గుర్తు తెచ్చుకోండి. కేసింగ్ మీద వంగి లోపలికి తొంగి చూస్తాం. కేసింగ్ ఒక గుండ్రం, లోపల మోటారు ఇంకో గుండ్రం. చుట్టూ సమానంగా సందు కనిపిస్తే మెకానిక్ ఏమీ మాట్లాడడు. ఒక పక్కకి ఆనిందంటే, "ఆపప్పా, ఆపు, రాసుకుంటాంది" అని అరుస్తాడు.

విల్లులో జరిగేదీ అదే. తాడులో కూర్చున్న పీప్ మన కేసింగ్. ముందు చెయ్యి దగ్గరున్న సైట్‌కి పిన్నుల చుట్టూ ఒక గుండ్రటి చట్రం ఉంటుంది చూడండి, హౌసింగ్ అంటారు, అది మోటారు. తాడు పూర్తిగా లాగి పీప్‌లోంచి చూస్తే హౌసింగ్ గుండ్రం మధ్యలో కూర్చోవాలి. చుట్టూ సన్నగా వెలుతురు గీత కనిపించాలి. ఆ గీత అన్ని పక్కలా ఒకే మందంలో ఉంటే కన్ను సరైన చోట ఉన్నట్టు. ఒక గుండ్రంలో ఇంకో గుండ్రం నడిమధ్యన ఉందా లేదా అనేది మన కన్ను చాలా తొందరగా పట్టేస్తుంది. నేర్పించే పని లేదు.

అంటే గురి కుదిరేది బొక్క చిన్నదైనందుకు కాదు, రెండు గుండ్రాలు పొసిగినందుకు. పీప్ సైజు ఒక్కటే అడగడం, మోటారు ఏదో చెప్పకుండా కేసింగ్ ఎంత వేయాలి అని అడిగినట్టే.

పొసగకపోతే ఏమవుతుంది? కేసింగ్ మరీ పెద్దదనుకోండి, మోటారు ఎక్కడుందో తెలీదు, సందులో అటూ ఇటూ ఊగుతుంది. ఎంత ఊగితే ఎంత నష్టమో లెక్క చూద్దాం. వీసమెత్తు తేడా లేదు అంటాం కదా, ఆ వీసమే ఇక్కడ కొలత. వీసం అంటే పదహారో వంతు. మా అవ్వ లెక్కలన్నీ వీసాల్లోనే ఉండేవి, ఈ పీప్ కంపెనీల లెక్కలూ దాదాపు అట్లనే ఉంటాయి. 1/8 అంగుళం అంటే రెండు వీసాలు, 3/16 అంటే మూడు, పావు అంగుళం నాలుగు. మామూలుగా అమ్మేవి ఇవే. ఐదు వీసాలది కూడా దొరుకుతుంది.

పీప్ నుంచి పిన్నుకి 30 అంగుళాలు అనుకోండి. పీప్‌లో మీ చూపు ఒక్క వీసం పక్కకి జరిగింది. 30 మీటర్ల దగ్గర బాణం దాదాపు రెండున్నర అంగుళాలు తప్పుతుంది. 50 మీటర్ల దగ్గర నాలుగంగుళాలు. కాంపౌండ్ పోటీలో 50 మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల గుండ్రం అడ్డంగా 8 సెంటీమీటర్లే. నడిమధ్యకి పోవాల్సిన బాణం ఆ ఒక్క వీసంతో ఎనిమిదిలోకి పోతుంది.

"చూశావా అన్నా, అందుకే చిన్న బొక్క అంటున్నా" అన్నాడు మావాడు. ఆగరా.

మోటారు బిర్రుగా పట్టే కేసింగ్ వేస్తే ఏమవుతుంది? మోటారు చుట్టూ నీళ్లు పారితేనే అది చల్లబడుతుంది. సందు లేకపోతే వేడెక్కి కాలిపోతుంది. ఇక్కడ నీళ్ల బదులు వెలుతురు. ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకి ముడుచుకుంటుంది. చీకట్లో ఆరేడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. రెండు వీసాల పీప్ ఎంత? మూడు మిల్లీమీటర్ల పైన కొంచెం. మిట్ట మధ్యాహ్నం దీంతో ఏ ఇబ్బందీ లేదు, కంటిపాపే అంతకంటే చిన్నగా ఉంది కదా. తెల్లవారుజామున కన్ను తలుపులు బార్లా తెరిస్తే ఈ పీప్ వచ్చి ముప్పాతిక మూసేస్తుంది. పావు అంగుళం పీప్ బొక్క వైశాల్యం దీనికి నాలుగింతలు. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, ఎనిమిదో తరగతి లెక్క.

నేనూ ఇందులో కాలు జారినవాణ్నే. మొదటి పీప్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, రెండు వీసాలది. సాయంత్రం నాలుగింటికి ఎండలో కొట్టి చూస్తే అద్భుతం. పిన్నులు సూదిమొనల్లా కనిపిస్తున్నాయి. ఊళ్లో అందరికీ చెప్పుకున్నా. మర్నాడు తెల్లారకముందే లేచి, నీళ్లు మళ్లించేలోపు నాలుగు బాణాలు వేద్దామని తాడు లాగితే నల్లగా ఉంది. పంది లేదు, పిన్ను లేదు, గట్టు కూడా లేదు. పీప్‌లో ఏదో ఇరుక్కుందేమో అని రెండుసార్లు ఊదా కూడా.

టెక్సాస్‌లో జింకల వేటకి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా అనుమతి. జింక బయటికొచ్చేది ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే. అందుకే అక్కడ వేటగాళ్ల విళ్లల్లో మూడు వీసాలవి, నాలుగు వీసాలవి ఎక్కువ కనిపిస్తాయి. చిన్న బొక్క, దాని ముందు భూతద్దంలాంటి లెన్సు, ఇదంతా పట్టపగలు, తెలిసిన దూరంలో, కదలని టార్గెట్ కొట్టేవాళ్ల సరంజామా. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది కదా, ఆ కాంపౌండ్ ఆట వేరు, మసకలో నక్కి కూర్చునే వేట వేరు. టీవీలో చూసిందే తెచ్చి అడవిలో పెట్టుకోకూడదు. ఇంకొకటి, ఒలింపిక్స్‌లో ఇన్నేళ్లూ మనం చూసింది రికర్వ్ విల్లు, చక్రాలు లేకుండా కొసలు ముందుకి వంగి ఉండేది. దానికి పీపే ఉండదు. 2028లో కాంపౌండ్ వస్తోంది, చూద్దాం.

సరే, సైజు ఎట్లా తేల్చుకోవాలి? మళ్లీ బోరు దగ్గరికే రావాలి, విసుక్కోకండి. మోటారు కిందికి దిగేకొద్దీ చిన్నగా కనిపిస్తుంది. అదే మోటారు, అదే కేసింగ్, సందు మాత్రం పెరిగినట్టుంటుంది. సైట్‌ని అది బిగించిన కడ్డీ (బార్) మీద ముందుకి జరిపితే హౌసింగ్ అట్లాగే చిన్నగా కనిపిస్తుంది. ఇక మీరు కేసింగ్ మీద వంగకుండా వెనక్కి జరిగి చూశారనుకోండి, కేసింగే చిన్నదవుతుంది. పీప్ కంటికి దూరమైనా అంతే. పొట్టి విళ్లకి తాడు కోణం ఎక్కువ కాబట్టి పీప్ మొహానికి దూరంగా ఉంటుంది, అప్పుడు పెద్ద బొక్క కావాలి. విల్లు పొడవు చెప్పకుండా సైజు అడిగేవాళ్ల మీద కూడా నాకు కోపమే.

లెక్క చిన్నదే. హౌసింగ్ బయటి వ్యాసాన్ని కంటి నుంచి పీప్‌కున్న దూరంతో గుణించండి. కంటి నుంచి సైట్‌కున్న దూరంతో భాగించండి. మావాడు చివరికి రెండంగుళాల హౌసింగ్ చూసుకున్నాడు. పీప్ కంటికి 4 అంగుళాలు, సైట్ 34. రెండు నాలుగులు ఎనిమిది, భాగించు 34. దాదాపు 0.235 వస్తుంది. పావు అంగుళం అంటే 0.25. అంటే పావు పీప్ పెడితే చుట్టూ సన్నటి గీత మిగులుతుంది. కుదిరింది! అదే వాడు అంగుళం 5/8 హౌసింగ్ తీసుకునుంటే 0.19, మూడు వీసాలకి అంచు మీద అంచు కూర్చునేది. కొందరికి అట్లా ఉంటేనే ఇష్టం. నాకు గీత కనిపించాల్సిందే. పీప్ 5 అంగుళాల దూరంలో ఉంటే అదే రెండంగుళాల హౌసింగ్‌కి 0.29, ఐదు వీసాలది కావాలి.

ఈ దూరాలు కొలవడానికి తాడు లాగిపెట్టి మొహం దగ్గర టేపు ఆడించకండి. బాణం తొడిగి టార్గెట్ వైపు లాగండి, పక్కనుంచి ఎవరినైనా ఫోటో తీయమనండి. బాణం పొడవు మీకు తెలుసు కదా, ఫోటోలో దాన్నే స్కేలుగా వాడుకోండి.

ఇక సైట్. వేటకి మూడో ఐదో పిన్నులున్నది చాలు. 20, 30, 40 గజాలకి ఒక్కోటి. ఒకే పిన్నుతో, దూరాన్ని బట్టి చక్రం తిప్పే సైట్ చూపుకి శుభ్రంగా ఉంటుంది, కానీ ఎదురుగా ఉన్నది కదిలిందంటే తిప్పే టైం ఉండదు. అక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎక్కువ పిన్నులుంటే వాడబోయే పిన్నుని పీప్ మధ్యకి తెస్తారు. అట్లా చేస్తే ఒక్కో దూరానికి తల ఒక్కో చోట ఉంటుంది. పిన్నుని కాదు, హౌసింగ్‌ని మధ్యలో పెట్టండి. మోటారు మధ్యలో ఉండాలి గానీ మోటారుకున్న వైరు కాదు కదా.

పిన్ను మందం కూడా అడుగుతారు. 0.019 అంగుళం ఎక్కువమంది వాడేది. 30 మీటర్ల దగ్గర అది రూపాయి బిళ్ల కంటే కొంచెం తక్కువ చోటు కప్పుతుంది. 0.029 దాదాపు పది రూపాయల బిళ్లంత, 0.010 వేరుశనగ గింజంత. సన్నదైతే మసకలో వెలుగు తక్కువ. నా ఓటు మధ్యదానికే.

(షెడ్డులో బల్బు వెలిగింది.)

అయ్యో, వచ్చేసింది. గబగబా చెప్పేస్తా. నలభై దాటి పిన్నులు మసకగా కనిపించేవాళ్లకి ఒక సైజు చిన్న పీప్ పనికొస్తుంది, లేదంటే పీప్‌లో పెట్టుకునే వెరిఫైయర్ అనే లెన్సు ఉంది. క్లారిఫైయర్ అని ఇంకోటి ఉంటుంది, అది సైట్‌కి లెన్సు ఉన్నవాళ్లకి, ఒకటనుకుని ఒకటి కొనకండి. పీప్ ఎత్తు కోసం కళ్లు మూసుకుని తాడు లాగి, చెయ్యి దవడ దగ్గర ఎప్పుడూ ఆనించే చోటే ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. హౌసింగ్ మధ్యలో లేకపోతే పీప్‌ని జరపాలి, తలని కాదు. తాడు మెలి తిరిగితే పీప్ కూడా పక్కకి తిరుగుతుంది, దారంతో గట్టిగా కట్టించండి. విల్లుని నొక్కిపట్టి తాడు వదులు చేసే బో ప్రెస్ లేకుండా తాడు మధ్యలో స్క్రూడ్రైవర్ పెట్టి పీప్ దూర్చే పని మాత్రం చేయొద్దు. వాలు నేల మీద లెవెల్ బుడగ చూసుకోండి, థర్డ్ యాక్సిస్ అనే సైట్ సర్దుబాటు సంగతి ఇంకో వీడియోలో...

(పక్క చేను నుంచి కేక: "ఏమప్పా, మోటారెయ్యవా?")

వస్తాండా, వస్తాండా! తమ్ముడూ, కెమెరా ఆపు.