ఒక్క సాయంత్రం చీరలో: మా ఆయనతో విశాఖ ప్రయాణం

నమస్కారం. ఈ వీడియోలో మా ఇద్దరి ముఖాలూ కనిపించవు. నా చేతులు, ఒక చీర, మంచం మీద పరిచిన విశాఖపట్నం మ్యాపు, అంతే. కెమెరా పట్టుకున్నది మా ఆయన. మధ్యలో దగ్గు వినిపిస్తే అది ఆయనదే.

మా ఆయనకు చీర కట్టుకోవడం ఇష్టం. పెళ్లయిన ఆరో ఏడు ఈ సంగతి నాకు చెప్పారు. ఆ తరువాత నాలుగేళ్లు ఆ ముచ్చట గడియ పెట్టిన గదిలోనే తీరింది. పోయిన డిసెంబరులో మొదటిసారి అలా బయటికి వెళ్లాం, విశాఖలో. ఏం చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాను. మీరు వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఒక మాట ముందే చెప్పాలి. ఆయన మగవాడు, మగవాడిగానే ఉంటానంటారు, అప్పుడప్పుడు ఆడవేషం వేసుకుంటే ఆయన మనసుకు హాయి. ట్రాన్స్‌జెండర్ మహిళల సంగతి వేరు. వాళ్ల తరఫున నేను మాట్లాడబోవడం లేదు.

మగవాడు చీర కట్టడం మన తెలుగువాళ్లకు వింతేమీ కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే జనం కళ్లార్పకుండా చూసేవారట, 1956లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను మా నాన్నగారి తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి మొక్కు తీర్చుకుంటారు. అయితే నాటకానికి తెర ఉంటుంది, జాతరకు తేదీ ఉంటుంది. బీచ్ రోడ్డుకు రెండూ లేవు. అందుకే ఇంత ప్రణాళిక.

ముందు మ్యాపు తీయకండి, కాగితం తీయండి. మా కాగితం ఇదిగో. మా ఆయన మూడు రోజులూ వేషంలోనే ఉందామన్నారు. నేను ఒప్పుకోలేదు. సెలవు పెట్టి, పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తున్నది ఇద్దరం. నాకు భర్తతో సముద్రం ఒడ్డున కూర్చోవాలని ఉండదా? రెండు రోజులు వాదించుకొని చివరికి ఒక్క సాయంత్రం దగ్గర తేలాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ లెక్కే సరైనది. ఒక్క సాయంత్రాన్ని నిమిషాలతో సహా సిద్ధం చేసుకోవచ్చు, మూడు రోజులను చేసుకోలేం. కాగితం మీద రెండో వరుస చూడండి, "గాజువాక వద్దు" అని ఉంది. అక్కడ మా పెదమావయ్యగారి ఇల్లు. మూడో వరుసలో "జగదాంబ వద్దు" అని రాసుకున్నాం. పండుగ బట్టలకు మా వాళ్లందరూ వచ్చేది అక్కడికే. మీ ఊళ్లూ, మీ చుట్టాలూ మీకు తెలుసు, మీ కాగితం మీరే రాసుకోవాలి.

నాలుగో వరుస చాలా ముఖ్యం. నేను "మాత్ర వేసుకునే వేళయింది" అంటే వెంటనే గదికి తిరిగి వెళ్లిపోవాలి. ఎందుకు, ఏమిటి అని అక్కడ అడగకూడదు. వేషం ఆయనదే అయినా జనం చూసేది ఇద్దరినీ. ఆయన అద్దంలో తనను తాను చూసుకునే సంబరంలో ఉంటారు, పక్క బెంచీవాళ్లు గుసగుసలాడటం నాకే ముందు వినిపిస్తుంది. అందుకే ఆ మాట నా చేతిలో ఉంది.

ఇక పిలుపు. నవ్వకండి, ఇది పెద్ద చిక్కు. పదేళ్లుగా నా నోటికి అలవాటైన పిలుపు "ఏమండీ". చీరలో ఉన్న మనిషిని పట్టుకొని ఆ రాగంతో "ఏమండీ" అంటే చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి భర్తను పిలుస్తున్నానా అని వెతుకుతారు. ఇంట్లో వారం రోజులు "వదినా" అని పిలిచి అలవాటు చేసుకున్నాను. మన భాష కొంత మేలు చేసింది. "నేను వచ్చాను" అంటే తెలుగులో ఆడో మగో తెలియదు, హిందీలో అయితే ఆ ఒక్క మాటకే దొరికిపోతారు. ఆయన గురించి ఇంకొకరితో చెప్పాల్సి వస్తే "వదినగారు వస్తున్నారు" అంటే సరిపోతుంది. దొరికిపోయేది గొంతు దగ్గరే. గొంతు మార్చి మాట్లాడాలని చూడకండి, నాటకంలా ఉంటుంది. మెల్లగా, పొట్టి మాటల్లో మాట్లాడాలి, బేరాలూ ఆర్డర్లూ నాకు వదిలేయాలి.

చట్టం సంగతి చాలామంది భయంతో అడుగుతారు. మగవాడు చీర కట్టుకొని వీధిలో నడవకూడదని మన దేశంలో చట్టమేదీ లేదు. తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు చట్టం ఒకటి ఉండేది. ఆ చట్టం "నపుంసకులు" అని పిలిచినవాళ్లు ఆడ దుస్తుల్లో బజారులో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకునే వీలుండేది. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. విశాఖకు అది ఎప్పుడూ వర్తించలేదు. వేషంతో ఇబ్బంది లేదు, అబద్ధంతోనే ఉంది. హోటల్ రిజిస్టరులో అసలు పేరే రాయాలి. ఎవరైనా పోలీసు అడిగితే అసలు పేరే చెప్పి కార్డు చూపించాలి. ఆయన ఆధార్ ఆ సాయంత్రమంతా నా హ్యాండ్‌బ్యాగు పై అరలో ఉంది. రైలులో మహిళల పెట్టెలోకి మగవాడు ఎక్కడం రైల్వే చట్టం ప్రకారం నేరం, చీరలో ఉన్నా నేరమే. సిటీ బస్సులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు 2025 ఆగస్టు 15 నుంచి ప్రయాణం ఉచితం. మా ఆయనకు కాదు. బస్సెక్కితే డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాలి, ఆడవాళ్ల సీట్లో కూర్చోకూడదు. ఇది మర్యాద. మేము అసలు బస్సే ఎక్కలేదు.

హోటల్ దగ్గర మా పద్ధతి ఇది. రైలు దిగినప్పుడు, గది తీసుకున్నప్పుడు, ఖాళీ చేసినప్పుడు ఆయన చొక్కా ప్యాంటులోనే ఉన్నారు. ఫోటో కార్డు చూపించే ప్రతిచోటా అలాగే ఉంటే తలనొప్పి లేదు. గది మాత్రం బీచ్ రోడ్డుకు నడిచే దూరంలో తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. కారణం బాత్రూము. ఆయన వేషంలో ఆడవాళ్ల మరుగుదొడ్డికి వెళ్లరు, అది మేమిద్దరం కూర్చొని పెట్టుకున్న నియమం. మగవాళ్లవైపు చీరలో వెళ్లలేరు. అంటే పావుగంటలో గదికి చేరేలా ఉండాలి. బయలుదేరే ముందు కాఫీ వద్దని చెప్పినా తాగారు, అనుభవించారు.

ఇప్పుడు మ్యాపు. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. డిసెంబరులో అయిదున్నర లోపే పొద్దు గుంకుతుంది, అదీ మన వెనక, ఊరి మీదుగా. అయిదు దాటేసరికి ఆర్కే బీచ్‌లో ముఖాల మీద నేరుగా ఎండ పడదు. గడ్డం నీడను దాచడానికి అంతకంటే మంచి మేకప్ లేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదిలేస్తారు కదా, ప్రశాంతంగా ఉంటుందని మా ఆయన అప్పుడు వెళ్దామన్నారు. అది పొరపాటు. పొద్దున నడిచేవాళ్లు రోజూ వచ్చేవాళ్లు, కొత్త ముఖాన్ని పట్టి పట్టి చూస్తారు, ఎదురుగా సూర్యుడు. సాయంత్రం జనం ఎక్కువే, కానీ వాళ్లు చూడటానికి సముద్రం ఉంది, గుర్రాలున్నాయి, ముంత మసాలా ఉంది.

కురుసుర జలాంతర్గామి కూడా ఆ రోడ్డు మీదే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. తప్పక చూడండి, వేషంలో మాత్రం వద్దు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. చీర అలవాటున్న నేనే కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకొని దాటాను. మేము రెండో రోజు మామూలుగా వెళ్లాం. సింహాచలం కూడా మామూలు బట్టలతోనే, పంచె కట్టుకొని. తొట్లకొండ మాత్రం వేషానికి బాగుంటుంది. భీమిలి వెళ్లే దారిలో కొండ మీద పాత బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. జనం పలచన. కారు మాట్లాడుకొని వెళ్లాలి. బుకింగ్ భార్య ఫోను నుంచి చేయండి, డ్రైవరు ఫోను చేస్తే మీరే మాట్లాడవచ్చు. వేషంలో ఉన్నవారు డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటే అద్దంలో అంతగా పడరు.

సరే, గడ్డం. దగ్గరగా చూపిస్తాను, ఇది నా ముంజేయి అనుకోకండి, ఆయన చెంప అనుకోండి. బయలుదేరేది అయిదింటికి కాబట్టి మూడున్నరకు గీసుకోవాలి. పొద్దున గీసుకుంటే సాయంత్రానికి మళ్లీ పచ్చగా తేలుతుంది. వేడి తువ్వాలు రెండు నిమిషాలు, తరువాత షేవింగ్, తరువాత అరగంట ఏమీ రాయకూడదు, ముఖం చల్లబడాలి. ఇప్పుడు నారింజ రంగు లిప్‌స్టిక్, ఇదిగో, గోరంత. గడ్డం వచ్చే చోట మాత్రమే వేలితో అద్దాలి. రుద్దితే అంతా చెడిపోతుంది. నారింజ రంగు నీలి నీడను మింగేస్తుంది. దాని మీద పౌడరు, ఆ పైన పలచగా ఫౌండేషన్, మళ్లీ పౌడరు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, డిసెంబరులో కూడా చెమట పడుతుంది. మందంగా పూస్తే ముక్కు పక్కన గీతలు కడుతుంది. చెమట తుడవకండి, మెత్తటి కాగితంతో అద్ది తీయండి.

చీర విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మా ఆయన పట్టుచీర తీశారు. బీచ్‌కి పట్టుచీరలో వచ్చేది పెళ్లివారే, అందరూ చూస్తారు. నలభై ఏళ్ల ఆడమనిషి సాయంత్రం షికారుకు ఏం కడుతుందో అదే కట్టాలి. సన్న అంచు మంగళగిరి నేత, కొంచెం గంజి పెట్టినది. సిల్కు, జార్జెట్టు సముద్రపు గాలికి పతంగులవుతాయి. కుచ్చిళ్లు అన్నీ కలిపి ఇక్కడ, బొడ్డుకు రెండు వేళ్ల కింద, పిన్ను లోపలి నుంచి పెట్టండి. భుజం మీద పెట్టే పిన్నుకు ముందు ఒక పూస ఎక్కించి గుచ్చుకుంటే గుడ్డ చిరగదు, ఇదిగో ఇలా. మోచేతి దాకా చేతులున్న రవిక వేస్తే చేతి కండలు దాగుతాయి. దర్జీకి కొలతలు ఇవ్వలేం కదా, నేనే కుట్టాను. భుజాల దగ్గర రెండుసార్లు విప్పాను.

చెప్పులు. ఇక్కడే దెబ్బతిన్నాం. ఆయన పాదానికి సరిపోయే ఆడ చెప్పులు ఊళ్లో దొరకలేదు, ఒక సైజు తక్కువ తీసుకున్నాం. కాళీమాత గుడి దాటాక ఇసుకలో పట్టీ పుటుక్కున తెగింది. చెప్పులు చేత్తో పట్టుకొని నడిచాం. ఇసుకలో చెప్పులు పట్టుకొని నడిచేవాళ్లు వందమంది ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, రోడ్డెక్కాకే ఇబ్బంది. నా బ్యాగులో రబ్బరు చెప్పులు ఉంటే సరిపోయేది. మీరు పెట్టుకోండి.

ఎవరూ గుర్తుపట్టలేదా అంటే, పట్టారు. హోటల్ లిఫ్టులో ఒక పెద్దావిడ "చీర ఎక్కడ తీసుకున్నారమ్మా?" అని ఆయననే అడిగింది. నేను "మంగళగిరిదండీ" అన్నాను. ఆవిడ ఆయన చేతుల వైపు చూసింది, ముఖం వైపు చూసింది. "కుచ్చిళ్లు బాగా కుదిరాయి" అని తన అంతస్తులో దిగిపోయింది. బీచ్‌లో ఇద్దరు కుర్రవాళ్లు ఏదో అన్నారు, మేము తల తిప్పలేదు, కుటుంబాలు కూర్చున్న వైపు నడిచాం. ఫోటో తీస్తామని కెమెరాలతో వచ్చేవాళ్లకు వద్దని నేనే చెప్పాను. ఫోనులో తీసుకున్నవి మాత్రం వాటంతట అవే ఇంట్లో పిల్లల ట్యాబ్‌లోకి వెళ్లిపోయాయి. మా అమ్మ కళ్లజోడు లేకుండా చూసి "ఎవరే ఈవిడ, ఎత్తుగా ఉంది?" అని ఫోను చేసింది. బయలుదేరే ముందే ఆ అమరిక ఆపేయండి.

మొక్కజొన్న పొత్తు కొన్నాం. కొరికితే లిప్‌స్టిక్ పోతుంది, గింజలు ఒలుచుకొని తినాలి. నేను ఒలిచి పెట్టాను. ఆయన నా చేయి పట్టుకొని నడిచారు, దాదాపు అరగంట. పదేళ్లలో రోడ్డు మీద ఎన్నడూ పట్టుకోలేదు, ఎవరైనా చూస్తారని. ఇద్దరు ఆడవాళ్లు చేతులు పట్టుకొని నడిస్తే మన ఊళ్లలో ఎవరూ చూడరు.

గది ఖాళీ చేసే రోజు మేకప్ తుడవడానికి హోటల్ తువ్వాలు వాడకండి, పాత పంచె ముక్క, కొబ్బరినూనె తెచ్చుకోండి. చెవుల వెనక, మెడ కింద చూసుకోండి. గోళ్ల రంగు పూర్తిగా పోయిందా లేదా వెలుతురులో చూసుకోండి, సోమవారం ఆఫీసు ఉంటుంది. ఆఖరుగా బాత్రూము అద్దం. నేను స్నానానికి వెళ్లినప్పుడల్లా బొట్టు బిళ్ల తీసి అద్దానికి అంటిస్తాను, మా అమ్మా అంతే. ఆ రోజు చూస్తే నా బిళ్ల పక్కన ఇంకొకటి ఉంది, కొంచెం పెద్దది, కొంచెం ఎత్తులో. ఆయనకు ఎవరూ చెప్పలేదు. రెండూ గోటితో తీసి, అట్ట మీద అంటించి, పర్సులో వేసుకోండి.