ఎండాకాలం ప్రయాణాల్లో పళ్లకు కీడు ఎక్కడ మొదలవుతుంది? ఏం తాగాలి, ఎప్పుడు తోముకోవాలి, పన్ను ఊడితే ఏం చేయాలి

[తెర మీద: రైలు కిటికీ పక్కన సగం తాగిన కోలా సీసా]

సికింద్రాబాద్‌లో సాయంత్రం బండెక్కి పొద్దున విశాఖలో దిగే ప్రయాణం అనుకుందాం. ఎక్కేముందు ఒక కోలా కొంటాం. భువనగిరి దగ్గర రెండు గుక్కలు, కాజీపేటలో రెండు, ఖమ్మంలో ఇంకో రెండు. అరలీటరు సీసా నాలుగు గంటలు నడుస్తుంది. ఒక్కసారిగా తాగేయడంకన్నా ఇదే మంచిదని చాలామంది నమ్మకం. పళ్ల విషయంలో మాత్రం ఇదే ఎక్కువ చేటు.

ఎందుకంటే, నోట్లో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కన్నా దిగితే పంటి పైపొర, అంటే ఎనామెల్, అందులోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. కోలా అయినా నిమ్మరసం అయినా పీహెచ్ 2, 3 మధ్యే ఉంటుంది. చక్కెర లేని కోలా కూడా దాదాపు అంతే పులుపు. ఆ పులుపును విరిచి, పోయిన ఖనిజాన్ని మళ్లీ పంటిమీదికి చేర్చేది మన లాలాజలం. దానికి అరగంట నుంచి గంట కావాలి. ఆ గడువు తీరకముందే ఇంకో గుక్క పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎంత తాగామన్నదానికంటే ఎన్నిసార్లు తాగామన్నదే ఇక్కడ ముఖ్యం.

ఎండాకాలంలో ఆ లాలాజలమే తగ్గిపోతుంది. చెమటతో ఒంట్లో నీరు పోతుంది. మైదానంలో పరిగెత్తే పిల్లలు నోటితో గాలి పీలుస్తారు. ఏసీ బోగీలో గాలి పొడిగా ఉంటుంది. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు, జలుబు, అలర్జీ మాత్రలు కూడా నోరు ఎండబెడతాయి.

[తెర మీద: నీళ్ల సీసా, మజ్జిగ గ్లాసు, తాటిముంజలు]

కాబట్టి దాహానికి నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ. మజ్జిగా పుల్లనిదే కదా అంటారు. నిజమే, కానీ అందులో కాల్షియం, ఫాస్ఫేట్ బాగా ఉంటాయి కాబట్టి పంటినుంచి లాక్కోదు. తాటిముంజలు, కీరదోస నిశ్చింతగా తినొచ్చు. చెరకురసం, నిమ్మసోడా, కోలా తాగాలనిపిస్తే భోజనంతోపాటు పది నిమిషాల్లో ముగించండి. తర్వాత మామూలు నీళ్లతో పుక్కిలించండి. స్ట్రా వాడితే ముందు పళ్లకు తగిలేది కొంత తగ్గుతుంది. గ్లాసులో మిగిలిన ఐసుముక్కలు మాత్రం నమలొద్దు. పాత ఫిల్లింగు ఉన్న పన్ను దానికి చిట్లిపోవచ్చు.

తిండి మూటలో ఒకటి గమనించండి. మామిడితాండ్ర చూడటానికి పండులాగే ఉన్నా, పంటి గాడుల్లో అతుక్కుని చాలాసేపు చక్కెర వదులుతూ ఉంటుంది. పూతరేకు త్వరగా కరిగిపోతుంది, తాండ్ర కరగదు. తాండ్ర తింటే అన్నంతోపాటు తినండి, మధ్యమధ్యలో చప్పరించకండి. వేయించిన పల్లీలు మంచి చిరుతిండి. హోటల్లో బిల్లుతో ఇచ్చే రంగుల సోంపుకు చక్కెర పూత ఉంటుంది, మామూలు సోంపు అడగండి.

మామిడికాయ ఉప్పుకారంతో తిన్నాక పళ్లు పులిశాయంటే, పైపొర ఆ క్షణంలో మెత్తబడిందనుకోండి. అప్పుడు బ్రష్ పడితే మెత్తబడ్డ పొర రాలిపోతుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తోముకోండి.

[తెర మీద: ఘాట్ రోడ్డు మలుపులు]

అరకు ఘాట్, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు పిల్లలకు వాంతి అవుతుంది. కడుపులోని ఆమ్లం కోలాకంటే ఘాటైనది. అయినా వెంటనే బ్రష్ చేయించకూడదు. గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మించండి. ఘాట్ ప్రయాణం ఉందంటే చిన్న పొట్లంలో వంటసోడా బ్యాగులో పెట్టుకోండి. మా దృష్టిలో పేస్టు తర్వాత అంత పనికొచ్చే వస్తువు అదే.

ఇక బ్రష్ సంగతి. తడి బ్రష్‌ను మూత పెట్టిన డబ్బాలో బిగిస్తే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. బాగా విదిలించి, ఆరాక, గాలి రంధ్రాలున్న మూత పెట్టండి. రైల్లో వాష్‌బేసిన్ నీళ్లు తాగేవి కావు, పుక్కిలించడానికి సీసా నీళ్లే వాడండి. పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం లేదా అంతకన్నా ఎక్కువ ఉందో లేదో పెట్టె మీద చూడండి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. తోముకున్నాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి. దోసెళ్లకొద్దీ నీళ్లతో కడిగేస్తే పంటిమీద పనిచేయాల్సిన ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. పళ్లు జివ్వుమనేవాళ్లు పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టును ప్రయాణానికి కొన్ని వారాల ముందే మొదలుపెట్టాలి, ఒక్కరోజులో దాని ఫలితం కనబడదు.

విమానం ఎక్కేవాళ్లు పిప్పిపన్నును ముందే చూపించుకోండి. పైకి వెళ్లేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, పుచ్చులో చిక్కిన గాలి వ్యాకోచించి తీవ్రమైన నొప్పి పుట్టిస్తుంది. కట్టుడుపళ్లు, అలైనర్లు (వంకర పళ్లను సరిచేసే ప్లాస్టిక్ తొడుగులు) ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, వేడికి వంకర పోతాయి.

[తెర మీద: వీధి క్రికెట్. తర్వాత పాల ప్యాకెట్]

సెలవుల్లో ఎక్కువ కంగారుపెట్టేది దెబ్బ తగిలి పన్ను ఊడిపోవడం. ఇక్కడ నిమిషాలు లెక్కలోకి వస్తాయి, కాబట్టి ఈ భాగం ఇంట్లో అందరికీ చూపించండి.

ముందు, అది పాలపన్నా శాశ్వత పన్నా తేల్చుకోండి. ఆరేళ్లలోపు పిల్లల ముందుపన్ను దాదాపుగా పాలపన్నే. దాన్ని తిరిగి పెట్టకూడదు, లోపల పెరుగుతున్న పంటి మొలకకు దెబ్బ తగులుతుంది.

శాశ్వత పన్ను అయితే తెల్లగా బయటికి కనిపించే భాగాన్నే పట్టుకోండి. వేరును తాకొద్దు, రుద్దొద్దు. వేరు మీదున్న సన్నని పొరలోని కణాలు బతికుంటేనే పన్ను మళ్లీ అతుక్కుంటుంది. మట్టి అంటితే పాలతో, అవి లేకుంటే నీళ్లతో పది సెకన్లలోపు కడగండి. ముందువైపు ముందుకే ఉండేలా చూసి మెల్లగా గుంతలో పెట్టి, శుభ్రమైన చేతిరుమాలు కొరికి పట్టుకోమనండి. వెంటనే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి.

పెట్టడం కుదరకపోతే చల్లటి పాలలో వేసి తీసుకెళ్లండి. పాల ప్యాకెట్ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. పెరుగు, మజ్జిగ వద్దు. గ్లాసు నీళ్లలో వేసి ఉంచకూడదు, ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కాగితంలో చుడితే ఎండిపోతాయి. పొడిగా అరగంట దాటితే అవకాశాలు బాగా తగ్గిపోతాయి. గంట దాటినా సరే, పన్ను పారేయకుండా పట్టుకెళ్లండి. అక్కడ పక్కపళ్లకు కలిపి సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతారు. మట్టి గాయమైతే టెటానస్ సూది సంగతి కూడా అడగండి.

దారిలో పంటికి వేసిన క్యాప్ ఊడితే దాన్ని దాచి తీసుకెళ్లండి. ఇంట్లో వాడే గట్టి జిగురుతో మాత్రం అతికించవద్దు. పంటినొప్పికి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన పెట్టుకుంటే చిగురు కాలుతుంది, ఆ అలవాటు మానండి.

నొప్పితోపాటు బుగ్గ వాచి, జ్వరం వచ్చి, నోరు పూర్తిగా తెరవలేకపోయినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా, ఊరు చేరేదాకా ఆగకండి. తర్వాతి స్టేషన్‌లో దిగైనా సరే ఆసుపత్రికి వెళ్లండి.